రోజుకు 40 నిమిషాలే చేతిలో ఉంటే... ఆన్‌లైన్ గేమ్ ఆడేదెలా?

అబిడ్స్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక షట్టర్లు ఒక్కొక్కటే దిగుతుంటాయి. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు రిపేర్ చేసే కుర్రాళ్లు, చిరాగ్ అలీ లేన్‌లో కౌంటర్ వెనక నిలబడేవాళ్లు, బట్టల షాపుల సేల్స్‌మెన్ అందరూ ఇంచుమించు ఒకే టైమ్‌కు రోడ్డు మీదికి వస్తారు. కొందరు నాంపల్లి మెట్రో స్టేషన్ వైపు నడుస్తారు. కొందరు బండి తీసి మల్లేపల్లి, ఆసిఫ్‌నగర్ దారి పడతారు. ఇంటికి చేరి, స్నానం చేసి, అన్నం తిని పడుకునేలోపు కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో ఫోన్ చేతిలోకి వస్తుంది, గేమ్ ఓపెన్ అవుతుంది.

ఇంట్లో గొడవ కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. "ఒక్క ఐదు నిమిషాలు అమ్మీ" అని కొడుకు అంటాడు. ఆ ఐదు నిమిషాలు ముప్పావు గంట అవుతుంది. "దాన్ని ఆపి అన్నం తిని మళ్లీ ఆడుకోరాదా" అని అమ్మీ అడుగుతుంది. ఆపడం కుదరదని కొడుకు చెబితే సాకు చెబుతున్నాడని అబ్బా అనుకుంటారు. నిజానికి అతను అబద్ధం చెప్పడం లేదు. చాలా ఆన్‌లైన్ గేములకు ఆపే బటన్ ఉండదు. అది ఎందుకు ఉండదో తెలిస్తే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగం తగ్గాలంటే ఆడేవాళ్లకు కొంత హిసాబ్ తెలియాలి.

అన్నీ పబ్జీలు కావు

మన ఇళ్లలో పిల్లలు ఫోన్‌లో ఏం ఆడినా పెద్దలు దాన్ని పబ్జీ అనే అంటారు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జూలైలో అది బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది, 2022 జూలై చివర్లో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మే నెలలో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. ఇవన్నీ యుద్ధం ఆటలు. చాలామంది ఒకేసారి దిగుతారు, ఒకరో ఒక జట్టో మిగులుతుంది, అరగంటలోపు మ్యాచ్ ముగుస్తుంది. ఎంతసేపు ఆడినా ఒక మ్యాచ్‌కు మాత్రం ముగింపు ఉంటుంది.

ఇక్కడ చెప్పుకోబోయేది వేరే జాతి ఆటల గురించి. వీటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు, మాటల్లో ఆర్పీజీ. ఆడేవాడు ఒక పాత్రను తయారు చేసుకుంటాడు. కత్తి వీరుడో, వైద్యం చేసేవాడో, మంత్రగాడో ఏదో ఒకటి. ఆ పాత్ర ఒకటో లెవెల్‌లో మొదలై పని చేస్తూ, పోరాడుతూ, సామాన్లు కూడబెడుతూ పెరుగుతుంది. అదే ప్రపంచంలో వేల మంది ఒకేసారి తిరుగుతుంటారు. ఒకరికొకరు సామాన్లు అమ్ముకుంటారు, జట్లు కడతారు. మనం ఫోన్ పక్కన పెట్టినా ఆ ప్రపంచం నడుస్తూనే ఉంటుంది. అందుకే దాన్ని ఆపలేం. మొజంజాహీ మార్కెట్ చౌరస్తాలో నిలబడి ట్రాఫిక్‌ను ఒక్క నిమిషం ఆగమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పక్కకు తప్పుకోవచ్చు గానీ అందరినీ ఆపలేం.

ఇది నిన్నామొన్న పుట్టినదీ కాదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టల్ అనే ఇద్దరు విద్యార్థులు బొమ్మలే లేకుండా ఉత్త అక్షరాలతో నడిచే ఇలాంటి ఆట చేశారు. పేరు మడ్. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి. మన దగ్గర కంప్యూటర్ ఉన్న ఇళ్లు తక్కువ కాబట్టి ఆ రోజుల్లో ఇవి కొద్దిమందికే తెలుసు. అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల ఇంటర్నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటలే ఎక్కువ నడిచేవి.

ఆ సెంటర్లలో ఒక మంచి సంగతి ఉండేది, అప్పుడెవరూ దాన్ని మంచి అనుకోలేదు. గంటకు ఇంత అని అద్దె. గంట అయిపోగానే కౌంటర్ దగ్గర కూర్చున్న భాయ్ "టైమ్ అయింది" అని కేకేసేవాడు. జేబులో డబ్బు లేకపోతే లేవాల్సిందే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక, ఫోన్లలోకి పెద్ద గేములు వచ్చాక, ఆ మీటర్ పోయింది. కేకేసే భాయ్ లేడు. ఇప్పుడు ఆ పని ఎవరికి వారే చేసుకోవాలి.

గేమ్ మన టైమ్‌ను ఎలా లెక్కపెడుతుంది

తక్కువ టైమ్ ఉన్నవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఈ గేముల్లో ఎక్కువ భాగం ఫ్రీ. ఫ్రీగా ఇచ్చినవాడికి మనం రోజూ రావడం కావాలి. రోజూ వస్తే ఏదో ఒక రోజు కొంటాం. షాపులో పనిచేసేవాళ్లకు ఈ సంగతి వేరేగా చెప్పక్కర్లేదు, కస్టమర్ లోపలికి అడుగుపెట్టడమే సగం బేరం.

మన దగ్గర ఫోన్ల మీద ఎక్కువ కనిపించే గేముల్లో ఒకటైన గెన్షిన్ ఇంపాక్ట్‌ను చూద్దాం. 2020 సెప్టెంబర్ 28న విడుదలైంది. కథ ఒంటరిగా ఆడుకోవచ్చు, కావాలంటే నలుగురు కలిసీ ఆడొచ్చు. రోజుకు నాలుగు చిన్న పనులు ఇస్తుంది. అవి పూర్తి చేస్తే బహుమతి. వీటితో పాటు రెజిన్ అనే ఒక లెక్క ఉంటుంది. దాన్ని గేమ్‌లో ఒంట్లో ఓపిక అనుకోవచ్చు. పెద్ద బహుమతులు తీసుకోవాలంటే ఓపిక ఖర్చవుతుంది. ప్రతి 8 నిమిషాలకు 1 చొప్పున అది తిరిగి నిండుతుంది. ఒకప్పుడు 160 దగ్గర ఆగిపోయేది. 2024లో ఆ పరిమితిని 200కు పెంచారు.

దీని అర్థం ఏమిటో లెక్క వేస్తే తెలుస్తుంది. 160 ఉన్నప్పుడు పూర్తిగా నిండడానికి 1,280 నిమిషాలు, అంటే 21 గంటల 20 నిమిషాలు. ఈ రాత్రి 10 గంటలకు ఖాళీ చేస్తే రేపు రాత్రి 7:20కే నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చేదంతా వృథా. షాపులో ఉన్న కుర్రాడికి ఆ సాయంత్రం నుంచి లోపల గుంజుతూ ఉంటుంది. 200 అయ్యాక 1,600 నిమిషాలు, అంటే 26 గంటల 40 నిమిషాలు. ఇప్పుడు రోజుకు ఒక్కసారి, అదీ రాత్రి ఏ టైమ్‌కు కుదిరితే అప్పుడు తెరిచినా చుక్క పోదు. కంపెనీ దృష్టిలో చిన్న మార్పే. పనికి వెళ్లేవాడికి పగలంతా ఫోన్ తీయాల్సిన పని తప్పింది.

ఇంకో లెక్క రీసెట్‌ది. గేమ్‌లో రోజు ఎప్పుడు మారుతుందనేది. గెన్షిన్ ఆసియా సర్వర్‌లో తెల్లవారుజామున 4 గంటలకు రోజు మారుతుంది, కానీ ఆ 4 గంటలు చైనా టైమ్. మన గడియారంలో రాత్రి 1:30. కాబట్టి రాత్రి 10 గంటలకు ఆడినా, 12 దాటాక ఆడినా అది అదే రోజు ఖాతాలో పడుతుంది. "12 అయితే ఈరోజు పనులు పోతాయి" అని హడావిడి పడి అన్నం మధ్యలో వదిలి కూర్చోవాల్సిన పని లేదు.

ఇదే లెక్కకు రెండో వైపు కూడా ఉంది. రంజాన్‌లో తరావీహ్ అయ్యాక 11 గంటలకు ఒక రోజు పని, 1:30 దాటాక రెండో రోజు పని అని కలిపి ఆడేస్తే మర్నాడు సెలవు దొరుకుతుందని కొందరికి తోచవచ్చు. కాగితం మీద కుదురుతుంది. మధ్యలో ఉన్న రెండున్నర గంటలు ఏం చేస్తారు? గేమే ఆడతారు. సహరీ దాకా నిద్ర ఉండదు, పొద్దున షాపులో కళ్లు మూతలు పడతాయి. ఈద్ ముందు అబిడ్స్‌లో గిరాకీ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ మర్నాడు ఎలా గడుస్తుందో చెప్పక్కర్లేదు.

కంపెనీలు మాటను ఎలా తిప్పుతాయో చూపించే ఉదాహరణ ఒకటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఉంది. ఆ గేమ్ విడుదలకు ముందు పరీక్ష దశలో, ఎక్కువసేపు ఆడేవాళ్లకు వచ్చే పాయింట్లు సగానికి పడిపోయేలా పెట్టారు. విశ్రాంతి తీసుకోండి అన్నది ఉద్దేశం. ఆడేవాళ్లు మండిపడ్డారు. అప్పుడు డిజైనర్లు లెక్క మార్చలేదు, పేరు మార్చారు. సగం అన్నదాన్ని మామూలు అన్నారు. మామూలు అన్నదాన్ని "విశ్రాంతి తీసుకున్నవారికి రెట్టింపు" అన్నారు. అంకెలు అవే, అందరూ సంతోషించారు. ఎమ్మార్పీ పెంచి డిస్కౌంట్ బోర్డు పెట్టడం లాంటిదే అనిపించవచ్చు. కానీ ఫలితం మాత్రం తక్కువసేపు ఆడేవాళ్లకు మేలే చేసింది. రెండు రోజులు రాకపోయినా ఆ రెట్టింపు కూడుతూ ఉంటుంది, వచ్చాక కొంత దూరం వేగంగా పోవచ్చు.

ఒక సేల్స్‌మన్ రోజు

ఊహించుకోవడానికి ఒక మామూలు రోజు తీసుకుందాం. అబిడ్స్‌లో షాపు పొద్దున 10:30 నుంచి రాత్రి 9:30 వరకు. 11 గంటలు అక్కడే పోయాయి. రాకపోకలకు గంటన్నర. నిద్ర 7 గంటలు. మొత్తం 19 గంటల 30 నిమిషాలు. మిగిలింది నాలుగున్నర గంటలు. అందులో నమాజ్, స్నానం, రెండు పూటల తిండి, ఇంటికి కావాల్సిన సామాను, అన్నీ కలిపి రెండున్నర గంటలు. ఇంకా 2 గంటలు. ఇంట్లోవాళ్లతో మాటలకు, చుట్టాల ఫోన్లకు గంటా ఇరవై నిమిషాలు తీస్తే మిగిలేది 40 నిమిషాలు.

వారానికి ఆరు రోజులు 40 నిమిషాల చొప్పున 4 గంటలు. ఆదివారం అబిడ్స్‌లో చాలా షాపులకు సెలవు, ఫుట్‌పాత్‌లు పాత పుస్తకాల వాళ్లవి. ఆ రోజు ఒక గంటన్నర అనుకుంటే వారానికి ఐదున్నర గంటలు. ఏడాదికి 286 గంటలు. వింటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఒక్కో రాత్రి దగ్గర చూస్తే ఆ 40 నిమిషాల్లో పది నిమిషాలు లాగిన్, అప్‌డేట్, మెసేజ్‌లు, బ్యాగ్ సర్దుకోవడానికే పోతాయి. అసలు ఆట అరగంట.

అరగంట ఆటలో ఏం చేయాలన్నది కూర్చున్నాక ఆలోచిస్తే ఆ అరగంటా పోతుంది. మెట్రోలో వస్తున్నప్పుడే ఈ రాత్రి ఒక్క పని ఏదో అనుకోవడం మంచిది. ఒక డంజన్, లేదా కథలో ఒక ముక్క, లేదా బజార్‌లో అమ్మకం. రోజువారీ పనులన్నీ, ఈవెంట్ అంతా, సీజన్ పాస్ అంతా అని పెట్టుకుంటే అది రెండో ఉద్యోగం. జీతం లేని ఉద్యోగం. సీజన్ పాస్ డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఎక్కువగా ఇందులో చిక్కుకుంటారు. "కొన్నాం కదా, పూర్తి చేయకపోతే నష్టం" అనిపిస్తుంది. పోయిన డబ్బు పోయింది. దాన్ని రాబట్టడానికి నిద్ర కూడా పెట్టడం కామర్స్ మొదటి సంవత్సరంలోనే తప్పు అని చెప్పే లెక్క.

గేమ్ ఎంచుకోవడం కూడా ఇక్కడే తేలాలి. ఈవ్ ఆన్‌లైన్ అని 2003లో వచ్చిన అంతరిక్షం గేమ్ ఉంది. దాంట్లో పాత్రకు నైపుణ్యాలు నిజమైన గడియారంతోనే పెరుగుతాయి, మనం ఆడకపోయినా, నిద్రపోతున్నా. వరసలో పెట్టి పోతే చాలు. గిల్డ్ వార్స్ 2 అనే 2012 నాటి గేమ్‌లో గరిష్ఠ లెవెల్ మొదటి నుంచీ 80 దగ్గరే ఉంది, నెల చందా లేదు. ఆరు నెలలు మానేసి వచ్చినా పాత సామాన్లు పనికొస్తాయి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ 2018 అక్టోబర్ నుంచి ఫోన్‌లోనూ నడుస్తోంది. చేపలు పట్టడం, చెట్లు కొట్టడం లాంటి పనులు పెట్టి టీ తాగుతూ ఒక కన్నేసి ఉంచవచ్చు. మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచిపోయినా పెద్ద నష్టం లేదు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆడే అక్కచెల్లెళ్లకు ఇలాంటివే నయం. వాయిస్ చాట్ లేకుండా ఆడుకోవచ్చు కూడా. ఆడగొంతు వినబడగానే వెకిలి మాటలు మొదలుపెట్టేవాళ్లు ఏ సర్వర్‌లోనైనా ఉంటారు కాబట్టి చాలామంది అమ్మాయిలు మైక్ మూసేసే ఆడతారు.

ఫైనల్ ఫాంటసీ 14 సంగతి తమాషాగా ఉంటుంది. దాన్ని నడిపే నయోకి యోషిదా, కొత్త కంటెంట్ అయిపోతే చందా ఆపేసి వేరే గేములు ఆడుకోండి, కొత్తది వచ్చాక తిరిగి రండి అని బాహాటంగానే చెబుతుంటాడు. 70వ లెవెల్ దాకా రోజుల పరిమితి లేకుండా ఫ్రీగా ఆడనిస్తారు. ఇంత ఉదారంగా ఉన్న గేమ్‌లోనే, చందా కట్టి ఆడేవాళ్లు కొనుక్కున్న ఇంట్లోకి 45 రోజులు అడుగుపెట్టకపోతే ఆ ఇల్లు కూల్చివేతకు వస్తుంది. ఇళ్ల స్థలాలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. తక్కువ టైమ్ ఉన్నవాళ్లు అందులో ఇల్లు కొనకపోవడమే సుఖం.

పక్కవాడి టైమ్ కూడా టైమే

ఒంటరిగా ఆడితే ఎప్పుడైనా లేవవచ్చు. జట్టులో చేరాక అలా కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో రెయిడ్ అంటే మామూలుగా 10 నుంచి 30 మంది, అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో సరిగ్గా 20 మంది. రెండు మూడు గంటలు పడుతుంది. అందులో వైద్యం చేసే పాత్ర మధ్యలో లేచిపోతే మిగతావాళ్ల సాయంత్రం పోయినట్టే. చిట్టీలో ఒకరు వాయిదా ఎగ్గొడితే అందరికీ ఇబ్బంది వచ్చినట్టు. అవతల ఉన్నవాళ్లూ ఎక్కడో ఒక చోట డ్యూటీ దిగి వచ్చినవాళ్లే.

కాబట్టి 40 నిమిషాలవాడు రెయిడ్ గిల్డ్‌లో చేరకూడదు. చేరితే మొదటి రోజే మాట తేల్చుకోవాలి. "నాకు రాత్రి 10:15 నుంచి 10:55 వరకే, ఆదివారం ఒక్కటే ఎక్కువ" అని చెబితే వద్దనేవాళ్లు వద్దంటారు, సరేననేవాళ్లు దొరుకుతారు. మొహమాటానికి సరేనని చెప్పి రోజూ మధ్యలో మాయమైతే వారంలో తీసేస్తారు, అది న్యాయమే. నలుగురైదుగురు స్నేహితులు కలిసి సొంతంగా చిన్న గిల్డ్ పెట్టుకోవడం మన దగ్గర బాగా కుదిరే పద్ధతి. అందరూ ఒకే టైమ్‌కు షాపు మూసేవాళ్లైతే ఇంకా మంచిది.

అజాన్ విషయంలోనూ ఇదే. మగ్రిబ్‌కో ఇషాకో పదిహేను ఇరవై నిమిషాలు ఉందనగా డంజన్‌కు క్యూలో నిలబడితే ఏమవుతుందో ముందే తెలుసు. జమాత్ తప్పుతుంది, లేకపోతే జట్టును వదిలేస్తారు. రెండూ బాగుండవు. ఆ టైమ్‌లో ఒంటరిగా చేసుకునే పని పెట్టుకోవాలి, లేదా ఫోన్ తీయకపోవాలి.

ఇంట్లోవాళ్లకు కూడా ఇక్కడ ఒక మాట. "ఆపేయ్" అనే బదులు "ఇది ఎంతలో అయిపోతుంది?" అని అడిగి చూడండి. పన్నెండు నిమిషాలు అంటే పన్నెండు నిమిషాలు ఇవ్వండి, పదమూడో నిమిషంలో నిలదీయండి. వైఫై తీసేస్తే అతను ఓడిపోవడమే కాదు, మర్నాడు తలుపు వేసుకుని మొబైల్ డేటాతో ఆడతాడు. టైమ్ ముందే మాట్లాడుకున్న ఇంట్లో అడగడానికి హక్కు ఉంటుంది. బీజీఎంఐ 2023లో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలు, మిగతావారికి 6 గంటలు అని పరిమితి పెట్టింది. చైనాలో 2021 నుంచి పిల్లలకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకు ఒక్క గంటే. మన దగ్గర పనికి వెళ్లే కుర్రాడికి 6 గంటల పరిమితి అసలు అడ్డే కాదు, అంత టైమ్ ఎక్కడుంది? అతని పరిమితి ఇంట్లోనే తేలాలి.

టైమ్ లేనివాడే ఎక్కువ డబ్బు పెడతాడు

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. కాలేజీ కుర్రాడికి టైమ్ ఉంటుంది, డబ్బు ఉండదు. ఉద్యోగం చేసేవాడికి తిరగేసి ఉంటుంది. స్నేహితులు ముందుకు పోయారు, తను వెనకబడ్డాడు. యూపీఐ ఉంది. రెండు సార్లు వేలు కదిపితే సరిపోతుంది.

గేముల్లో గాచా అనే పద్ధతి ఉంటుంది. డబ్బు పెట్టి లాటరీ తీసినట్టు తీస్తే ఏ పాత్ర వస్తుందో తెలియదు. గెన్షిన్‌లో పెద్ద పాత్ర ఒక్కో తీతకు వచ్చే అవకాశం 0.6 శాతం. 90 తీతల్లోపు ఒకటి ఖాయంగా ఇస్తారు. కానీ అది మీరు కోరుకున్నదే కావాలని లేదు, ఓడితే రెండోసారి మాత్రం ఖాయం. అంటే అదృష్టం పూర్తిగా ఎదురు తిరిగితే 180 తీతలు. ఒక్కో తీతకు గేమ్ డబ్బు 160 చొప్పున 28,800. లెక్క వేస్తే, 50 సార్లు తీసిన వందమందిలో సుమారు 74 మందికి ఆ పెద్ద పాత్ర ఒక్కటి కూడా రాదు. ఈ అంకెలు దాచినవేం కావు, గేమ్‌లోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటాయి. రాత్రి 11 గంటలకు అవి చదివేవాళ్లు తక్కువ.

ఇలాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. మన దేశంలో 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆటలను అది నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బు పందెం లేని మామూలు గేములను చట్టం విడిగా చూసింది. తెలంగాణ అయితే 2017లోనే ఆన్‌లైన్ పందెం ఆటలను, రమ్మీతో సహా, నిషేధించింది. గాచాలో తిరిగి డబ్బు రాదు, బొమ్మ వస్తుంది. చట్టం సంగతి అలా ఉంటే, షరీఅత్ ప్రకారం అది జూదం కిందికి వస్తుందా రాదా అన్నది ముఫ్తీ సాహెబ్‌ను అడగాల్సిన ప్రశ్న, వార్తల్లో తేల్చేది కాదు. అడిగేటప్పుడు పైన చెప్పిన అంకెలు కూడా చెప్పి అడిగితే జవాబు స్పష్టంగా వస్తుంది.

చందా గేములు దీనికన్నా నిజాయితీగా అనిపిస్తాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు అమెరికాలో నెలకు సుమారు 15 డాలర్లు. నెలకు 22 గంటలు ఆడితే గంటకు 70 సెంట్లలోపు పడుతుంది. మూడు గంటలే ఆడితే గంటకు 5 డాలర్లు. పరీక్షలున్న నెల, పెళ్లిళ్ల సీజన్, రంజాన్ ఇవి ముందే తెలుసు కాబట్టి ఆ నెల ఆటో పే ఆపేయడం ఇంగితం.

ఇంకొకటి, ఐడీల బేరం. లెవెల్ పెరిగిన ఐడీ అమ్ముతాం, కొంటాం అని గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. టైమ్ లేనివాడికి ఇది దగ్గరి దారిలా కనిపిస్తుంది. చాలా గేముల నిబంధనల ప్రకారం ఇది కుదరదు, పట్టుబడితే ఐడీ మూసేస్తారు. అంతకన్నా ముఖ్యం, డబ్బు తీసుకుని పాస్‌వర్డ్ మళ్లీ మార్చేసుకునేవాళ్లు ఉన్నారు. మొదటి రిజిస్ట్రేషన్ అతని పేరునే ఉంది కదా, రికవరీ అతని చేతిలోనే ఉంటుంది. మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

గంటలు కాదు చూడాల్సింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాంట్లో రోజుకు ఇన్ని గంటలు ఆడితే జబ్బు అని ఎక్కడా లేదు. చూడమన్నవి మూడు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం. అదీ మామూలుగా 12 నెలల పాటు. ఆదివారం మూడు గంటలు ఆడి సోమవారం టైమ్‌కు షాపు తెరిచేవాడి సంగతి వేరు. రోజుకు గంటే ఆడినా ఆ గంట కోసం అబద్ధాలు చెప్పి, అప్పు చేసి, నిద్ర మానుకునేవాడి సంగతి వేరు. రెండోవాడికి తిట్లు పనిచేయవు, సాయం కావాలి. టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో ఇలాంటి ఇబ్బందుల కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ ఉంది.

చివరగా అందరూ మర్చిపోయే చిన్న విషయం, అప్‌డేట్లు. గెన్షిన్ లాంటి గేమ్ ఫోన్‌లో 20 జీబీ పైనే తింటుంది, ఆరు వారాలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. సాధారణంగా బుధవారం పొద్దున మన టైమ్ ప్రకారం ఎనిమిదిన్నర ప్రాంతంలో సర్వర్లు తెరుచుకుంటాయి. ఆ రాత్రి షాపు నుంచి వచ్చి కూర్చుంటే 40 నిమిషాలూ డౌన్‌లోడ్ గీత చూడడంలోనే పోతాయి, రోజుకు 2 జీబీ ప్లాన్ అయితే సగంలో ఆగుతుంది. సోమవారం నుంచే ముందస్తు డౌన్‌లోడ్ దొరుకుతుంది. ఆ రాత్రి ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టి, ఇంటి వైఫైలో వదిలేసి పడుకుంటే పొద్దున్నకి అయిపోయి ఉంటుంది. పెట్టే ముందు పాత వీడియోలు తీసేసి జాగా చూసుకోవాలి, లేకపోతే 90 శాతం దగ్గర ఆగిపోతుంది.